వజ్రపుగనికి మచ్చు

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలు చెప్పుదురు. కుండలోని మెతుకులన్నియు ఒకే నీటిలో, ఒకే మంటమీద ఉడికినవి గనుక ఒకదాని సంగతి తెలిసినచో తక్కినవాని సంగతియు తెలిసినట్లే. కాని అదే వంటయింటిలోని పాయసపు గంగాళమును చూడుడు. పెండ్లివంటవాడు గంగాళమెడు పాయసములో గుప్పెడు జీడిపప్పు మాత్రమే వేసెననుకొందము. ఒక గరిటెలో మూడు పలుకులు వచ్చును. తరువాతి నాలుగు గరిటెలలో ఒక్కటియు రాదు. మొదటి గరిటె అందుకొన్నవాడు వంటవానిని పొగడును, తరువాతివారు తెగడుదురు. ఇరువురి తీర్పును తప్పే. ఆ గంగాళములో జీడిపప్పు ఎంత యున్నదో నిజముగా చెప్పవలెనన్న ఎన్ని గరిటెలు తీసి చూడవలెను? వజ్రములను వెదకు భూగర్భశాస్త్రజ్ఞులకు కలుగు చిక్కు సరిగా ఇదియే.

సరకంతయు చూడకుండ, దానిలో కొంత తీసి పరీక్షించి, తక్కినదాని గుణమును నిర్ణయించుటకు వాడు భాగమును మన వర్తకులు 'మచ్చు' అందురు. నా చిన్నతనమున మా తండ్రిగారు వడ్ల మచ్చును పైపంచె కొంగున ముడివేసికొని బస్తీకి పోవునప్పుడు నేనును వెంట పోయెడివాడను. అచ్చటి వర్తకుడొకడు మేము చూపిన పిడికెడు గింజలను మర్యాదకు చూచి ప్రక్కన పెట్టి, బండి వచ్చిన పిమ్మట బస్తా అడుగువరకు ఇనుపగొట్టము గుచ్చి తానే గింజలు తీసి చూచుకొనెడివాడు. అప్పుడు నాకు అతనిమీద కోపము వచ్చెడిది. అతడు చేసినది న్యాయమే యని తరువాత తెలిసినది. వడ్లబస్తాకు గొట్టము చాలును. కొండంత రాతికి ఏ గొట్టము గుచ్చవలెను?

మన అనంతపురము జిల్లాలోని వజ్రకరూరు పేరు మీరు వినియే యుందురు. తొలకరి వానలు కురిసినంతనే ఆ ప్రాంతపు చేలలో జనులు తలలు వంచుకొని రాళ్లు వెదకుచుందురు. అదృష్టవంతునికి ఒక వజ్రము దొరకవచ్చును. దానితో అతని అప్పు తీరవచ్చును, బిడ్డ పెండ్లి జరుగవచ్చును. కాని ఆ ఒక్క రాయి దొరికినంత మాత్రమున ఆ నేల క్రింద గని యున్నదని చెప్పుటకు వీలులేదు. గని వేయుట యన్న కోట్లకొలది ధనము, వేలమంది శ్రమ, ఏండ్లకొలది కాలము. అంతటి పనికి పూనుకొనుటకు ముందు ఆ రాతిలో టన్నుకు ఎంత వజ్రము గలదో, ఆ వజ్రము ఎంత వెల చేయునో తెలియవలెను. అందుకై తీయునదే ఈ పెద్దమచ్చు. గనుల ఇంజనీర్లు దీనిని బల్క్ శాంపిల్ అందురు.

వజ్రములు భూమిలో నూటయేబది కిలోమీటర్లకు పైబడిన లోతున, మిక్కిలి ఒత్తిడిలోను వేడిమిలోను ఏర్పడును. అంత లోతునుండి వానిని పైకి మోసికొని వచ్చినది కింబర్లైటు అను ఒకవిధమైన అగ్నిశిల. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ నగరమునుబట్టి దానికి ఆ పేరు వచ్చినది. ఆ శిల భూమిని చీల్చుకొని పైకి వచ్చిన దారి పైన వెడల్పుగా, పోనుపోను సన్నముగా, నేలలో దిగిన ముల్లంగి దుంపవలె నుండును. దానిని నాళమనియు, పైపు అనియు అందురు. ప్రపంచమున కింబర్లైటు నాళములు వేలకొలది బయటపడినవి. వానిలో త్రవ్వి లాభము పొందదగినవి నూటికి ఒకటి చొప్పుననైనను లేవు.

వజ్రమును తూచు కొలత కారట్. అయిదు కారట్లు ఒక గ్రాము. టన్ను రాతిలో అయిదు కారట్లున్నచో అది ప్రపంచములోని మిక్కిలి సంపన్నమైన గనులలో చేరును. అనగా పదిలక్షల గ్రాముల రాతిలో ఒక గ్రాము వజ్రము! పాయసములో జీడిపప్పు ఇంతకంటె ఎంతో చిక్కన.

ఇట్టి మచ్చును తీసి మోసిన కథలలో చక్కనిది కెనడా దేశపు ఉత్తరభాగమున జరిగినది. అచ్చటి వాయవ్య ప్రాంతములకు ముఖ్యపట్టణము యెల్లోనైఫ్. దానికి ఈశాన్యముగా సుమారు 300 కిలోమీటర్ల దూరమున లాక్ డ గ్రా అను పెద్ద సరస్సు గలదు. ఫ్రెంచి భాషలో ఆ పేరునకు కొవ్వు సరస్సు అని అర్థము. ఆ నేల ఆదివాసులైన త్లిచో ప్రజలు పిలుచు ఏకటి అను పేరునకును అదే అర్థము. ఆ చుట్టుపట్ల చెట్టన్నది లేదు. రాయి, నాచు, నీరు, మంచు. కారిబూ అను దుప్పిజాతి మృగముల మందలు ఋతువునుబట్టి వలసపోవుచుండును. శీతకాలమున ఉష్ణోగ్రత సున్నకు క్రింద 30, 40 డిగ్రీలకు దిగును.

చక్ ఫిప్కే, స్టూవర్ట్ బ్లూసన్ అను ఇద్దరు భూగర్భశాస్త్రజ్ఞులు కింబర్లైటునుండి రాలిన గోమేధికమువంటి ఎఱ్ఱని గార్నెట్ కణములను మట్టిలో ఏరుచు, పూర్వము హిమానీనదములు ఆ మట్టిని ఏ దిక్కునుండి త్రోసికొని వచ్చినవో లెక్కకట్టుచు, ఏండ్ల తరబడి నడచి 1991లో ఆ సరస్సు సమీపమున వజ్రములున్న కింబర్లైటును కనుగొనిరి. ఆ వార్త వెలువడగనే భూమిపై హక్కులకు గుర్తుకొయ్యలు నాటువారు ఆ మంచుభూమిని చీమలవలె క్రమ్ముకొనిరి.

1994 వసంతమున అదే సరస్సుపై మరియొక బృందము మంచుమీద యంత్రము నిలిపి అడుగునకు రంధ్రము వేయుచుండెను. ఆ బృందమును నడిపినది ఏరా థామస్ అను యువతి. మంచు కరగు కాలము దగ్గరపడుచుండెను. యంత్రమును తీసివేయక తప్పని దినములవి. అప్పుడు పైకి వచ్చిన రాతికడ్డీలో రెండు కారట్ల వజ్రము పొదిగినట్లు కనబడెను. చేతిమందపు రాతికడ్డీలో అంతటి రాయి తగులుట అరుదులలో అరుదు.

మీరైనచో ఏమి చేసియుందురు? గని దొరికినదని చాటింపు వేయించియుందురు గదా! కాని మొదటి గరిటెలోని జీడిపప్పు సంగతి మరువరాదు. రాతికడ్డీలను కాస్టిక్ సోడాతో కలిపి కాచినచో రాయి కరగి, అతిసూక్ష్మమైన వజ్రకణములు మిగులును. వాని సంఖ్యనుబట్టి పెద్దవి ఎన్ని యుండవచ్చునో కొంతవరకు ఊహింపవచ్చును. అది ఊహయే. గనికి ధనము తెచ్చునవి పెద్దరాళ్లు. అవి వేయింటికొకటి, పదివేలకొకటి యుండును. పైగా వజ్రముల వెల బియ్యపు వెలవలె ఏకరీతిగా నుండదు. ఒకే తూకముగల రెండు రాళ్లలో ఒకటి నగకు పనికివచ్చును. రెండవది ఆకురాయికి తప్ప దేనికిని పనికిరాదు. రంగు, ఆకారము, నిర్మలత్వము చూచి, వందలకొలది తరగతులుగా వేరుచేసి, వెల కట్టవలెను. అందుకు చేతిలో కొన్నివేల కారట్ల వజ్రములుండవలెను. టన్నుకు నాలుగైదు కారట్లు మాత్రమే యున్న రాతినుండి అన్నివేల కారట్లు రావలెనన్న వేలకొలది టన్నుల రాయి త్రవ్వవలసినదే.

ఆ పని 1996లో జరిగినది. పిమ్మట డయవిక్ అను పేరుతో గనియైన ఆ స్థలమున రెండు నాళములనుండి మొత్తము సుమారు 5,900 టన్నుల కింబర్లైటు తీసిరి.

ఇందులోని కష్టము మీకు బోధపడవలెనన్న ఆ నాళములు ఎచ్చట నున్నవో చూడవలెను. కింబర్లైటు చుట్టునున్న నల్లరాతికంటె మెత్తనిది. పూర్వము మైలు మందమున ఆ నేలపై ప్రాకిన హిమానీనదములు దానిని గోకివేసెను; ఆ గుంటలలో నీరు నిండెను. కావున ఈ నాళములు సరస్సు అడుగున దాగియుండెను. సరస్సును తోడివేయుట మాట అటుంచి, గని యగునో కాదో తెలియకుండ అడ్డుకట్ట వేయుటయైనను ఎవరు తలపెట్టుదురు? కాబట్టి సరస్సు నడుమనున్న ద్వీపముపైనుండి ఏటవాలు సొరంగమును త్రవ్వుచు, నీటికి క్రిందుగా పోయి నాళమును ప్రక్కనుండి చేరవలసి వచ్చెను.

ఇందు ఒక వింత గలదు. ద్వీపముపై నేల వందల అడుగుల లోతువరకు ఏడాది పొడుగున గడ్డకట్టియే యుండును. దానిలోని నీరు రాయివంటిదే గనుక సొరంగమునకు భయములేదు. పెద్ద సరస్సు అడుగున మాత్రము నేల గడ్డకట్టదు. పైనున్న నీరు దుప్పటివలె దానిని కాపాడును. ఆ చోట పగుళ్లలో నీరు పారుచుండును. కనుక ఇట్టి సొరంగము త్రవ్వువారు ముందుగా సన్నని రంధ్రము వేసి, నీరు చిమ్మునేమో చూచి, పగుళ్లలోనికి సిమెంటు పాలు ఎక్కించి, అటుపిమ్మటనే పేలుడుమందు దట్టింతురు. తొందరపడినచో సరస్సే లోపలికి వచ్చును.

పేలుడులోను ఒక మెలకువ గలదు. వజ్రము లోకములోని పదార్థములన్నిటికంటె కఠినమైనదని మీరు చదివితిరి. దానిని గీయగలది మరియొక వజ్రమే. కాని గీతకు లొంగనిదంతయు దెబ్బకు లొంగకుండునని తలపరాదు. సుత్తిపోటు తగిలినచో వజ్రము పగులును. మందు అధికమైనచో పది కారట్ల రాయి పది ముక్కలగును. తూకము తగ్గదు గాని వెల ఎంతయో పడిపోవును. అప్పుడు మచ్చు చెప్పునది అబద్ధమగును. అందుచేత మందు మితముగా వాడుదురు.

ప్రతి పేలుడు తరువాత భూగర్భశాస్త్రజ్ఞుడు లోనికి పోయి, కొత్తగా బయటపడిన రాతిగోడను గీసికొనును. నాళమంతయు ఒకేరకపు రాయి కాదు. ఒకచోట వజ్రములు దట్టముగా, మరియొకచోట పలుచగా నుండును. మంచిరాయి యున్న వైపే త్రవ్వుకొని పోయినచో మచ్చు గొప్పగా కనబడును, గని మాత్రము నష్టపడును. బస్తా పైభాగమున మేలైన వడ్లు పోసినట్లే యిది. కాబట్టి ఏ పేలుడులో ఎన్ని టన్నులు వచ్చినవి, ఎచ్చటివి, ఎంత నల్లరాయి కలిసినది అని పుస్తకమున వ్రాసి, ఆ కుప్పకు అంకె వేసి, వేరుగా నుంతురు. రెండు కుప్పలు కలిసినచో రెండును చెడినట్లే. సొరంగమునందలి శ్రమ అందరికిని కనబడును. ఈ లెక్కపుస్తకపు శ్రమ ఎవరికిని కనబడదు. నా మట్టుకు నాకు రెండవదియే గొప్పదిగా తోచును.

ఇంత జాగ్రత్త యెందుకని మీకు తోచవచ్చును. 1872లో అమెరికాలో జరిగిన ఒక మోసమును వినుడు. ఫిలిప్ ఆర్నాల్డ్, జాన్ స్లాక్ అను ఇద్దరు పశ్చిమప్రాంతమున ఒక ఎడారిమెరకలో వజ్రములు, కెంపులు దొరకుచున్నవని చెప్పి శాన్‌ఫ్రాన్సిస్కో ధనికులను నమ్మించిరి. పేరుపొందిన గనుల ఇంజనీరు ఒకడు ఆ చోటికి పోయి, త్రవ్వి, రాళ్లను కన్నులార చూచి, మెచ్చి వచ్చెను. లక్షలకొలది డాలర్లు చేతులు మారెను. అప్పుడు క్లారెన్స్ కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ స్థలమును వెదకి పట్టుకొని పరీక్షించెను. ఎవరో నేలను కదిపిన చోట్లనే రాళ్లు దొరకుచుండెను. చీమలపుట్టలలో రాయి దొరికినప్పుడెల్ల దాని ప్రక్కన పుల్లతో పొడిచిన రంధ్రము కనబడెను. బరువైన రాళ్లు సహజముగా చేరవలసిన వాగు అడుగున త్రవ్వి చూడగా ఒక్కటియు లేదు. ప్రకృతిలో ఎన్నడును కలిసియుండని రత్నములు అచ్చట కలిసియుండెను. మోసగాండ్రు కొనితెచ్చి చల్లిన రాళ్లవి! ఆ ఇంజనీరు పిచ్చివాడు కాడు. తనకు చూపినచోటనే మచ్చు తీసినాడు. అదియే అతని పొరపాటు. నాటినుండి నేటివరకు వజ్రపు మచ్చు నేలను విడిచినది మొదలు తూకము పూర్తియగువరకు కావలి, ముద్ర, తాళము, సంతకము తప్పనిసరియైనవి.

కుప్పలు సిద్ధమైనవి. వానిని శుద్ధిచేయు యంత్రములు మాత్రము యెల్లోనైఫ్‌లో నుండెను. ద్వీపమునకు రోడ్డు లేదు. వేలకొలది టన్నుల రాతిని విమానములలో మోయుట తలచుటకే వీలుకాదు. వేసవిలో ఆ దేశమంతయు సరస్సులు, బురద, బండరాళ్లు, బండి కదలదు. కదలునది నడిశీతకాలముననే. అప్పుడు సరస్సులు గడ్డకట్టి తామే రోడ్డగును.

1982లో ఒక బంగారుగనికి సరకు చేర్చుటకై వేసిన మంచుబాట ఆ దిక్కున నుండెను. దాని పొడవులో నూటికి 85 పాళ్లకు మించినది గడ్డకట్టిన సరస్సులమీదనే పోవును. దానిని ఏటేట క్రొత్తగా వేయవలెను. ఏటేట అది కరగిపోవును. జనవరి చివరనో ఫిబ్రవరిలోనో తెరచి, మార్చి చివరనో ఏప్రిల్ మొదటనో మూయుదురు. ఉన్నదంతయు రెండు నెలలు. ఆ రెండు నెలలలో రాయి దాటనిచో మరల ఏడాది వరకు ద్వీపముమీద పడియుండవలసినదే. ఆ ఏడాది అంతయు కూలి, అప్పు, వడ్డీ నడచుచునే యుండును.

మంచుబాట వేయుట చూడముచ్చటయైన విద్య. మొదట తేలికైన బండ్లతో మంచుమీది పొడిహిమమును త్రోసివేయుదురు. పొడిహిమము కంబళివంటిది, అది కప్పియున్నంతవరకు క్రిందిమంచు మందముగా పెరుగదు. కంబళి తీసిన పిమ్మట చలిగాలి తగిలి గడ్డ దళసరియగును. చాలనిచోట రంధ్రము వేసి సరస్సు నీటినే తోడి పైన పోయుదురు, అదియు గడ్డకట్టును. రాడార్ యంత్రమును బాటపై ఈడ్చుచు మందమును కొలుచుచుందురు. నిండుబరువు బండికి మంచు సుమారు ఒక మీటరు మందముండవలెను.

మీటరు మందపు మంచు రాతినేలవలె కదలకుండునని అనుకొనకుడు. అది నీటిపై తేలుచున్న పలక. బండి ఎక్కినంతనే క్రుంగును. బండి సాగినచో క్రింది నీటిలో అల పుట్టి బండితోపాటు పోవును. బండి వేగము మితిమీరినచో ఆ అల పెద్దదై మంచును లోపలినుండి పగులగొట్టును. ఒడ్డు దగ్గర మరింత అపాయము. పోయిన అల గట్టునకు కొట్టుకొని వెనుకకు వచ్చి బండిని ఎదుర్కొనును. అందుకని నిండుబండి సరస్సుపై గంటకు 25 కిలోమీటర్లకు మించరాదని నియమము. ఒడ్డు సమీపించునప్పుడు ఇంకను నెమ్మది. బండికిని బండికిని నడుమ ఎడముండవలెను. అంతటి నెమ్మదియైన వడితో, సుమారు 400 కిలోమీటర్లు, పగలనక రాత్రియనక, క్రింద మంచు కిర్రుమని చప్పుడు చేయుచుండగా పోవలెను. చప్పుడు చేయు మంచు మంచిదే యని అచ్చటి చోదకులు చెప్పుకొందురట!

ఒక్కొక్క బండికి 30 టన్నులు చొప్పున లెక్కవేసినచో 5,900 టన్నులకు ఎన్ని బండ్లు కావలెనో మీరే కట్టిచూడుడు. దాదాపు రెండువందల సారులు బండి కదలవలెను. 1997 శీతకాలమున మంచుబాట తెరచియున్నప్పుడే ఆ రాయి యెల్లోనైఫ్ చేరెను.

ఇక వేరుచేయుట. మన రైతులు విత్తనపు వడ్లను ఉప్పునీటిలో పోయుట మీరు చూచియుందురు. తాలు తేలును, గట్టిగింజ మునుగును. ఇచ్చటను అదే ఉపాయము. ఉప్పునకు బదులు ఫెర్రోసిలికన్ అను బరువైన లోహపుపొడిని నీటిలో కలుపుదురు. వజ్రము నీటికంటె మూడున్నర రెట్లు బరువైనది. సామాన్యపు రాతిముక్కలు అంతకంటె తేలిక. రాయిని కొంచెము కొంచెముగా నలిపి, కడిగి, ఆ చిక్కనినీటిలో త్రిప్పినచో తేలికరాయి తేలిపోవును, వజ్రము కొద్దిపాటి బరువురాళ్లతో కూడి మునుగును. ఆ మిగిలినదానిపై ఎక్స్‌రే కిరణములు పడినంతనే వజ్రము మెరయును. ఆ మెరపును యంత్రము పసికట్టి, గాలి ఊది ఆ రాయిని ప్రక్కకు చిమ్మును. వేరొక పద్ధతియు గలదు. వజ్రమునకు నీరు అంటదు, కొవ్వు అంటును. కొవ్వు పూసిన బల్లపై నీటితో పారించినచో తక్కిన రాళ్లు జారిపోవును; వజ్రము అతుకుకొని నిలుచును.

యంత్రము పట్టకుండ విడిచిన వజ్రములు ఎన్నియో తెలియుట యెట్లు? అందుకై వజ్రముతో సమానమైన బరువుగల రంగుపూసలను లెక్కపెట్టి రాతిలో కలుపుదురు. వంద వేసినచో వందయు తిరిగి రావలెను. రానిచో ఎక్కడనో వజ్రములును జారిపోవుచున్నవని అర్థము. యంత్రమును సరిచేసి, పారవేసిన రాతిని మరల చూడవలసినదే. ఒక కుప్ప ముగిసి మరియొకటి మొదలుపెట్టునప్పుడు యంత్రము మూలమూలలను కడుగుదురు. మొదటికుప్పలోని ఒక్క పెద్దరాయి ఏ సందులోనో చిక్కి రెండవకుప్పలో తేలినచో రెండు లెక్కలును తారుమారగును. వజ్రములు చేరు పెట్టెను ఒక్కరే తెరచుటకు వీలులేకుండ ఇద్దరి చేతిలో రెండు తాళములుండును.

అన్నియు ముగియగా 5,900 టన్నుల రాతినుండి సుమారు 21,000 కారట్ల వజ్రములు తేలెను. టన్నుకు మూడున్నర కారట్లు. 21,000 కారట్లనగా 4 కిలోల 200 గ్రాములు. ఒక చిన్న చేతిసంచిలో పట్టును. రెండువందల బండ్ల రాయి ఆ చేతిసంచికొరకే. ఆ వజ్రములను రంగును, నాణ్యమును చూచి తరగతులుగా పేర్చి వెల కట్టిన పిమ్మటనే అది గనికి తగినదని తేలెను. అటుపైన కట్టవలసిన గట్టును గూర్చి, చేపలను గూర్చి, కారిబూ మందలను గూర్చి, ఆ నేల ఆదివాసుల హక్కులను గూర్చి ఏండ్లపాటు విచారణ జరిగెను. సరస్సులో దాదాపు నాలుగు కిలోమీటర్ల పొడవున గట్టు కట్టి, లోపలి నీటిని తోడి, 2003 జనవరిలో వజ్రములు తీయుట మొదలుపెట్టిరి. గనికి కావలసిన నూనె, సిమెంటు, యంత్రములు ఏటేట ఆ మంచుబాటమీదనే పోయెను. 2006లో చలి చాలక బాట ముందుగా మూతపడినప్పుడు, మిగిలిన సరకును విమానములలో మోయవలసి వచ్చెను.